ఇంటి కంప్యూటర్: బ్యాకప్, పునరుద్ధరణ

కంప్యూటర్‌లోని సమాచారానికి విడిగా, వేరే చోట, అవసరమైనప్పుడు మళ్లీ వాడుకోగలిగేలా తీసి పెట్టుకున్న నకలును బ్యాకప్ అంటారు. ఆ నకలు ఆధారంగా పోయిన ఫైలునో, పాడైన కంప్యూటర్ మొత్తాన్నో పూర్వస్థితికి తెచ్చుకోవడం పునరుద్ధరణ. వాడుకలో రిస్టోర్ చేయడం. మొదటిది చాలా ఇళ్లలో అంతో ఇంతో జరుగుతుంది. రెండోది అవసరం నెత్తిమీదికి వచ్చిన రోజు తప్ప ఎవరికీ గుర్తుకు రాదు. ఒకసారైనా తిరిగి తెరిచి చూడని నకలును బ్యాకప్ అని పిలవడం తొందరపాటే. అందుకే ఈ వ్యాసం బ్యాకప్ విధానాలను పరిచయం చేస్తూనే, రిస్టోర్ వైపు నుంచి వాటి మంచిచెడులను తూచి చూస్తుంది.

డి డ్రైవ్ నమ్మకం

నిర్వచనంలోని "విడిగా, వేరే చోట" అన్న మాటలను తేలిగ్గా తీసుకోవడం వల్ల మన ఇళ్లలో జరిగే నష్టం ఇంతా అంతా కాదు. విండోస్ కంప్యూటర్ కొన్నవారికి తరచుగా అందే మొదటి సలహా ఇది: "మీ ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో పెట్టుకోండి, ఫార్మాట్ కొట్టినా పోవు." ఇందులో సగం నిజం ఉంది. విండోస్ సాధారణంగా సి డ్రైవ్‌లో ఉంటుంది కాబట్టి, దాన్ని చెరిపి మళ్లీ ఎక్కించేటప్పుడు డి డ్రైవ్ జోలికి పోనక్కర్లేదు. అయితే చాలా కంప్యూటర్లలో సి, డి అన్నవి ఒకే డిస్కును రెండు భాగాలుగా పంచి పెట్టిన పేర్లు. ఒకే ఇంట్లో మధ్య గోడ కట్టి రెండు గదులు చేసినట్టు. ఇల్లు కూలితే రెండు గదులూ కూలతాయి. డిస్కు చెడినా, ల్యాప్‌టాప్‌ను దొంగలెత్తుకుపోయినా, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ చొరబడినా డి డ్రైవ్‌కు ప్రత్యేక రక్షణ ఏదీ లేదు.

పైగా డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్, డాక్యుమెంట్స్ అనే మూడు ఫోల్డర్లూ మామూలుగా సి డ్రైవ్‌లోనే ఉంటాయన్న సంగతి చాలామందికి తెలియదు. రోజూ కళ్లెదుట కనిపించే డెస్క్‌టాప్ ఫైలు ఫార్మాట్‌తో మాయమయ్యేది అందుకే. రిపేరుకు ఇచ్చేటప్పుడు "డెస్క్‌టాప్ మీదవి కూడా కాపీ చేసుకున్నారా?" అని అడిగే షాపు దొరికితే అదృష్టం. అడగని చోట ఆ జాగ్రత్త యజమానిదే.

సమాచారం ఎలా పోతుంది

హార్డ్ డిస్కు లోపల అద్దంలా మెరిసే పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. చదివే ముల్లు వాటికి తగలకుండా, వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా లేని ఎడంలో తేలుతుంటుంది. తిరుగుతున్న డిస్కు కింద పడితే ముల్లు పళ్లేన్ని గీరుతుంది. టక్ టక్‌మని శబ్దం మొదలైందంటే డిస్కు చివరి దశకు వచ్చిందని అర్థం. అప్పుడు కంప్యూటర్‌ను మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం అన్నిటికంటే చెడ్డ పని. అమెరికాకు చెందిన బ్యాక్‌బ్లేజ్ అనే బ్యాకప్ సంస్థ తన డేటా కేంద్రాల్లోని డిస్కుల లెక్కలను ఏళ్ల తరబడి ప్రచురిస్తోంది. వాటి ప్రకారం ఏడాదిలో వందకు సుమారు ఒకటి రెండు డిస్కులు చెడిపోతాయి. అది చల్లటి గదిలో, ఒడుదొడుకులు లేని కరెంటు మీద నడిచే డిస్కుల సంగతి. వేసవిలో కరెంటు పోతూ వస్తూ ఉండే ఇంట్లో, యూపీఎస్ లేని కంప్యూటర్‌కు ఆ సౌఖ్యం లేదు.

ఎస్‌ఎస్‌డీల్లో కదిలే భాగాలు ఉండవు. కింద పడినా తట్టుకుంటాయి, వేగం ఎక్కువ. కానీ చెడిపోయేటప్పుడు చాలాసార్లు ఏ హెచ్చరికా ఇవ్వవు. నిన్న పనిచేసింది, ఇవాళ కంప్యూటర్‌కు కనిపించదు. మరో తేడా కూడా ఉంది. పాత హార్డ్ డిస్కులో ఫైలును డిలీట్ చేస్తే విషయసూచికలోంచి పేరు మాత్రమే పోతుంది. కొత్త సమాచారం పైన పడేదాకా అసలు అలాగే ఉంటుంది. ఫొటోరెక్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఫొటోలను వెలికి తీయగలిగేది అందువల్లే. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ అనే ఏర్పాటు, డిలీట్ అయిన ఫైలు ఉన్న చోటును వెంటనే ఖాళీగా గుర్తించి తుడిచేయడానికి డిస్కుకు అనుమతి ఇస్తుంది. కాబట్టి కొత్త ల్యాప్‌టాప్‌లలో "పోయినా రికవరీ చేయించుకోవచ్చులే" అన్న పాత ధీమాకు చోటు లేదు.

యంత్రాల కంటే మనుషుల చేతులతోనే ఎక్కువ పోగొట్టుకుంటాం. ఒక పేరుతో ఉన్న ఫైలు మీద మరొకటి సేవ్ చేయడం, ఖాళీ పెన్‌డ్రైవ్ అనుకుని నిండుగా ఉన్నదాన్ని ఫార్మాట్ చేయడం, పిల్లలు ఆడుకుంటూ ఫోల్డరు తీసేయడం ఇలాంటివే. ఈ తప్పులు వెంటనే బయటపడవు. కూతురి పెళ్లి ఫొటోల ఫోల్డరు లేదన్న సంగతి ఆరు నెలల తర్వాత చుట్టాలు అడిగినప్పుడు తెలియవచ్చు. బ్యాకప్‌లో నిన్నటి ప్రతి ఒక్కటే కాక వారాల, నెలల నాటి ప్రతులు కూడా ఉండాలనడానికి ముఖ్య కారణం ఇదే.

ప్రకృతి సంగతి మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని కుదిపేసినప్పుడు నగరం రోజుల తరబడి కరెంటు, ఫోన్లు లేకుండా గడిపింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. అలాంటి వరదలో కింది అంతస్తు బల్ల మీదున్న కంప్యూటర్‌ది, దాని పక్క సొరుగులో ఉన్న బ్యాకప్ డిస్కుది ఒకే గతి.

ఇక రాన్సమ్‌వేర్. ఫైళ్లను రహస్య సంకేతాల్లోకి మార్చేసి, తాళంచెవి కావాలంటే డబ్బు కట్టమనే ఈ దోపిడీ 1989లోనే మొదలైంది. ఎయిడ్స్ వ్యాధి సమాచారం అన్న పేరుతో తపాలాలో పంపిన ఫ్లాపీల్లో అది దాగి వచ్చింది. విమోచన ధనం 189 డాలర్లు, పనామాలోని ఒక పోస్టు బాక్సుకు పంపమన్నారు. 2013లో క్రిప్టోలాకర్‌తో అది పెద్ద వ్యాపారమైంది. 2017 మే 12న వానాక్రై దాదాపు 150 దేశాలకు పాకినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది చొరబడిన కంతను పూడ్చే విండోస్ అప్‌డేట్ అప్పటికి రెండు నెలల ముందే, మార్చిలోనే విడుదలై ఉంది. రాన్సమ్‌వేర్ ముందుగా వెతికేది బ్యాకప్‌నే. విండోస్ లోపల దాచుకునే పాత ప్రతులను అది చెరిపేస్తుంది. యూఎస్‌బీకి తగిలించి వదిలేసిన ఎక్స్‌టర్నల్ డిస్కుకు కూడా తాళం వేసేస్తుంది. కాపీ పూర్తయ్యాక డిస్కు తీగను ఊడదీయడమన్న చిన్న పని ఇక్కడ ఏ ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కూ తీసిపోదు.

నకళ్ల చరిత్ర

తెలుగు సాహిత్యంలో చాలా భాగం మనకు దక్కింది నకళ్ల వల్లే. తాటాకు కొన్ని తరాల తర్వాత పురుగుపట్టి, పొడిపొడి అయిపోతుంది. అంతకు ముందే ఎవరో ఒకరు కూర్చుని కొత్త ఆకుల మీద ఎత్తి రాసేవారు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను కుదుర్చుకుని, ఒకే కావ్యానికి వేర్వేరు చోట్ల దొరికిన ప్రతులను పక్కపక్కన పెట్టించి, పాఠాలు సరిచూయించి శుద్ధప్రతులు రాయించాడు. నకళ్లు ఎక్కువ ఉండటం ఒక ఎత్తు, ఉన్న నకలు సరిగా ఉందో లేదో పోల్చి చూడటం మరో ఎత్తు అన్న ఈ పాఠం డిస్కులకూ అచ్చంగా వర్తిస్తుంది.

ఇంటి కంప్యూటర్లలో బ్యాకప్ ఫ్లాపీలతో మొదలైంది. 1983లో వచ్చిన ఐబీఎం పీసీ ఎక్స్‌టీలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్కు ఉండేది. అప్పటి ఫ్లాపీ సామర్థ్యం 360 కిలోబైట్లు. డిస్కు నిండితే దాన్ని కాపీ చేయడానికి దాదాపు ముప్ఫై ఫ్లాపీలు, ఒకదాని తర్వాత ఒకటి మారుస్తూ కూర్చునే ఓపిక కావాలి. డాస్‌లో బ్యాకప్, రిస్టోర్ అన్న రెండు ఆదేశాలు వేర్వేరుగా ఉండేవి. రిస్టోర్ చేసేటప్పుడు ఫ్లాపీలను వరుస తప్పకుండా పెట్టాలి. మధ్యలో ఒకటి చదవకపోతే పని అక్కడే చిక్కుకునేది.

1990ల చివర సీడీలు, ఆ వెనకే డీవీడీలు చవకయ్యాయి. ఒక సీడీలో 700 మెగాబైట్లు, డీవీడీలో 4.7 గిగాబైట్లు పట్టేవి. ఆ కాలపు పెళ్లి వీడియోలు, ఫొటోలు వేల ఇళ్లలో ఆ పెట్టెల్లోనే ఉండిపోయాయి. ఇంట్లో రాసుకున్న సీడీల్లో సమాచారాన్ని పట్టి ఉంచేది ఒక రంగు పూత. వేడికి, వెలుతురుకు, తేమకు అది చెడుతుంది. కొత్త ల్యాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే ఉండటం లేదు. అటక మీద అలాంటి పెట్టె ఉన్నవారు దాన్ని ఈ ఏడాదే దించి, చదివినన్నిటిని హార్డ్ డిస్కులోకి ఎక్కించుకోవడం మంచిది.

ఆపరేటింగ్ సిస్టమ్‌లే బ్యాకప్ బాధ్యతను నెత్తికెత్తుకోవడం తర్వాతి మెట్టు. 2000లో విండోస్ ఎంఈతో సిస్టమ్ రిస్టోర్ వచ్చింది. ఇది సెట్టింగులను, డ్రైవర్లను, సిస్టమ్ ఫైళ్లను వెనకటి తేదీకి తిప్పుతుందే తప్ప సొంత ఫొటోలనూ ఉత్తరాలనూ తిరిగి ఇవ్వదు. పేరు చూసి మోసపోయినవారు ఇప్పటికీ ఉన్నారు. 2007 అక్టోబరులో ఆపిల్ తన మ్యాక్ కంప్యూటర్లకు టైమ్ మెషీన్‌ను అందించింది. గత 24 గంటలకు గంట గంటకూ, గత నెలకు రోజు రోజుకూ, అంతకు ముందరి కాలానికి వారం వారానికీ ఒక ప్రతి దాస్తుంది. డిస్కు నిండితే అన్నిటికంటే పాతవాటిని తీసేస్తుంది. మామూలు మనిషి ఆలోచించకుండానే బ్యాకప్ జరిగిపోవాలన్న సూత్రాన్ని ఇంత శుభ్రంగా అమలు చేసినది అంతకు ముందు లేదు. 2012లో విండోస్ 8తో ఫైల్ హిస్టరీ అదే దారి పట్టింది. లైనెక్స్ వాడేవారికి 1996 నాటి ఆర్‌సింక్ ఇప్పటికీ నమ్మిన బంటు. మారిన భాగాలను మాత్రమే పంపడం దాని ప్రత్యేకత.

నకలు తీసే తీరులు

మొత్తం సమాచారాన్ని ప్రతిసారీ కాపీ చేస్తే అది పూర్తి బ్యాకప్. రిస్టోర్ చేయడం చాలా తేలిక, కానీ చోటు, సమయం ఎక్కువ పడతాయి. ఆదివారం పూర్తి బ్యాకప్ తీసి, మిగతా రోజుల్లో ముందురోజు నుంచి మారినవాటినే కాపీ చేస్తే అది ఇంక్రిమెంటల్. గురువారం డిస్కు పోతే ఆదివారం నాటి ప్రతితోపాటు సోమ, మంగళ, బుధవారాల ముక్కలన్నీ వరుసగా కావాలి. మంగళవారం ముక్క చెడితే ఆ తర్వాతి మార్పులు దక్కడం కష్టం. ఆదివారం నుంచి ఇప్పటిదాకా మారినవన్నీ ప్రతిరోజూ కాపీ చేసేది డిఫరెన్షియల్. దీనికి ఆదివారం ప్రతి, చివరి ప్రతి, ఈ రెండే చాలు. నేటి ప్రోగ్రాములు ఈ లెక్కలను తెర వెనకే చూసుకుంటాయి.

ఇంటి యజమాని తేల్చుకోవాల్సిన అసలు తేడా ఫైళ్ల బ్యాకప్, డిస్కు ఇమేజ్ అన్నవాటి మధ్య ఉంది. మొదటిది ఫొటోలు, ఉత్తరాలు, లెక్కలు వంటి సొంత సొత్తును దాస్తుంది. రెండోది విండోస్, ప్రోగ్రాములు, సెట్టింగులతో సహా డిస్కు మొత్తానికి అచ్చు తీస్తుంది. డిస్కు చెడినప్పుడు ఇమేజ్ ఉంటే కొత్త డిస్కు మీద ఒకటి రెండు గంటల్లో పాత కంప్యూటర్ యథాతథంగా లేచి కూర్చుంటుంది. క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాము ఈ పని ఉచితంగా చేస్తుంది. కొత్త డిస్కు పాతదానితో సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. రెండిటిలో ఒక్కటే వీలైతే ఫైళ్ల బ్యాకప్‌నే ఎంచుకోవాలి. విండోస్‌ను మళ్లీ ఎక్కించుకోవచ్చు, అమ్మమ్మ గొంతు రికార్డింగును మళ్లీ చేయలేం.

సింక్‌ను బ్యాకప్ అనుకోవడం నేడు చాలామంది చేస్తున్న పొరపాటు. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ ఫోల్డర్లు కంప్యూటర్‌లో ఏం జరిగితే అదే క్లౌడ్‌లోనూ జరిపిస్తాయి. ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది. రెండిటిలోనూ చెత్తబుట్ట సాధారణంగా 30 రోజులు దాస్తుంది; 31వ రోజున గుర్తుకు వచ్చినవారికి దారి లేదు. ఉచిత చోటు గూగుల్‌లో 15 గిగాబైట్లు, మైక్రోసాఫ్ట్, ఆపిల్ సంస్థల్లో ఐదేసి. గూగుల్ ఫొటోస్‌లో హద్దులేని ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ఆగిపోయింది. పెద్ద సంస్థ దగ్గర ఉన్నంత మాత్రాన శాశ్వతమూ కాదు: ఒకప్పుడు ప్రపంచమంతా వాడిన మైస్పేస్‌లో 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటలు సర్వర్ల మార్పిడిలో పోయాయని 2019లో బయటపడింది.

క్లౌడ్‌కు కాలం కూడా లెక్కలోకి వస్తుంది. సెకనుకు 50 మెగాబిట్ల వేగంతో పైకి పంపే బ్రాడ్‌బ్యాండ్ మీద 500 గిగాబైట్లు ఎక్కడానికి ఆగకుండా 22 గంటలు పడుతుంది. 10 మెగాబిట్లయితే నాలుగున్నర రోజులకు పైనే. అదే సమాచారం యూఎస్‌బీ 3 హార్డ్ డిస్కుకు గంటన్నరలోపు చేరుతుంది. కాబట్టి ఇంట్లో ఒక డిస్కు, ముఖ్యమైనవాటికి మాత్రం క్లౌడ్ అన్నది చాలామందికి సరిపోయే ఏర్పాటు.

మూడు, రెండు, ఒకటి

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో డిజిటల్ ఫొటోల నిర్వహణ మీద రాసిన పుస్తకం ద్వారా 3-2-1 అనే సూత్రం ప్రచారంలోకి వచ్చింది. ప్రతి ముఖ్యమైన ఫైలుకు మూడు ప్రతులు, కనీసం రెండు రకాల మాధ్యమాల మీద, అందులో ఒకటి ఇంటికి దూరంగా. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఒకటి, ఎక్స్‌టర్నల్ డిస్కులో ఉన్నది రెండోది. మూడోది క్లౌడ్‌లో ఉండవచ్చు, లేదా తెనాలిలో ఉన్నవారి డిస్కు హైదరాబాద్‌లోని చెల్లెలి బీరువాలో ఉండవచ్చు. పండక్కి కలిసినప్పుడల్లా డిస్కులు మార్చుకుంటే సరి. దూరం అన్నప్పుడు వరద, తుపాను లెక్కలోకి రావాలి. పక్క వీధి బంధువుల ఇల్లు దొంగల నుంచి కాపాడుతుంది గానీ, ఒకే ఏరు పొంగితే రెండిళ్లూ మునుగుతాయి.

ఒకే పెట్టెలో రెండు డిస్కుల మీద ఒకే సమాచారం రాసే రెయిడ్ ఏర్పాటును బ్యాకప్‌గా లెక్కించకూడదు. ఒక డిస్కు చెడితే పని ఆగకుండా చూడటం వరకే దాని పని. పొరపాటున చెరిపిన ఫైలును అది రెండు డిస్కుల్లోనూ ఒకేసారి చెరుపుతుంది.

పునరుద్ధరణ

1998లో పిక్సార్ స్టూడియోలో "టాయ్ స్టోరీ 2" తయారవుతుండగా, ఎవరో ఇచ్చిన ఒక తప్పు ఆదేశంతో సినిమా ఫైళ్లు చకచకా చెరిగిపోయాయి. బ్యాకప్ ఉందిగదా అని తెరిచి చూస్తే, అది కొంతకాలంగా సరిగ్గా పనిచేయడం లేదని తేలింది. పర్యవేక్షక సాంకేతిక దర్శకురాలు గాలిన్ సూస్మన్ అప్పటికి చంటిబిడ్డ తల్లి. ఇంటి నుంచి పనిచేసుకోవడానికి సినిమా ప్రతిని తన ఇంటి కంప్యూటర్‌లోకి తెచ్చుకుంటూ ఉండేది. ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, కారులో పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా స్టూడియోకు తెచ్చారు. సినిమా 1999లో విడుదలైంది. కోట్ల డాలర్ల సంస్థను కాపాడినది ఒక ఇంటి కంప్యూటర్.

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. వారికి ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. ఆ రాత్రి చూస్తే ఏదీ నమ్మదగినట్టుగా పనిచేయడం లేదు. రోజువారీ నకలు తీసే ప్రోగ్రాము వెర్షను కలవక మౌనంగా విఫలమవుతూ వచ్చింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లు తిరస్కరణకు గురయ్యాయి. ఆరు గంటల ముందు వేరే పని మీద తీసిన ఒక నకలు ఉండబట్టి బయటపడ్డారు. నిపుణుల ఇంట్లోనే ఇలా జరిగితే, "బ్యాకప్ పూర్తయింది" అన్న పచ్చ గుర్తును చూసి మనం నిశ్చింతగా ఉండటం సబబు కాదు.

పరీక్షించడం కష్టమేమీ కాదు. మూడు నెలలకోసారి బ్యాకప్ డిస్కును తగిలించి, ఒక ఫొటో, ఒక వీడియో, ఒక లెక్కల ఫైలు వేరే ఫోల్డరులోకి రిస్టోర్ చేసి, తెరిచి చూడాలి. పేరు కనిపిస్తే చాలదు, వీడియో చివరిదాకా ఆడాలి. పాత పెన్‌డ్రైవ్‌లు, డిస్కులు కొన్ని ఫ్యాట్32 పద్ధతిలో ఉంటాయి. వాటిలో 4 గిగాబైట్లకు మించిన ఒక్క ఫైలు పట్టదు. పెళ్లి వీడియో కాపీ మధ్యలో ఆగిపోయేది చాలాసార్లు ఇందుకే. డిస్కును ఎక్స్‌ఫ్యాట్‌కో ఎన్‌టీఎఫ్‌ఎస్‌కో మార్చుకుంటే ఆ చిక్కు తీరుతుంది, మార్చే ముందు దానిలో ఉన్నది ఖాళీ చేయాలి.

కంప్యూటర్ మొత్తాన్ని రిస్టోర్ చేయాలంటే ముందు అది ఎలాగోలా ఆన్ కావాలి. అందుకు విండోస్ బూటబుల్ పెన్‌డ్రైవ్ కావాలి. మైక్రోసాఫ్ట్ వారి మీడియా క్రియేషన్ టూల్‌తో కనీసం 8 గిగాబైట్ల పెన్‌డ్రైవ్ మీద దాన్ని తయారు చేసుకోవచ్చు. కంప్యూటర్ బాగున్న రోజుల్లోనే ఆ పని చేసి పెట్టుకోవాలి. విండోస్‌లోనే ఉన్న రీసెట్ ఏర్పాటులో రెండు దారులుంటాయి. ఒకటి సొంత ఫైళ్లను ఉంచి ప్రోగ్రాములను తీసేస్తుంది, రెండోది అన్నిటినీ తుడిచేస్తుంది. ఏది నొక్కుతున్నామో రెండుసార్లు చదువుకోవాలి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి కొత్త కంప్యూటర్‌కో, విండోస్ 11కో మారుతున్న ఇళ్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మారాక కూడా పాత డిస్కును కనీసం కొన్ని నెలలు చెరపకుండా అట్టేపెట్టడం మేలు. ఏదో ఒకటి మరిచిపోయిన సంగతి తర్వాతే తెలుస్తుంది.

బిట్‌లాకర్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. చాలా కొత్త విండోస్ ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్కు మొత్తం సంకేత భాషలోకి మారిపోతుంది. దొంగ చేతికి చిక్కినా ఫైళ్లు బయటపడకుండా ఇది కాపాడుతుంది. మదర్‌బోర్డు చెడి డిస్కును వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే మాత్రం 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉండవచ్చు. ఆ ఖాతా పాస్‌వర్డు మరిచిపోతే, లేదా షాపువారు తమ ఖాతాతో విండోస్ ఎక్కించి ఇచ్చి ఉంటే, డిస్కు నిక్షేపంగా ఉన్నా ఫైళ్లు అందవు. ఆ 48 అంకెలను కాగితం మీద అచ్చు తీసి ఇంటి పత్రాల్లో దాచాలి.

ఫైలు తిరిగి వచ్చినంత మాత్రాన అది తెరుచుకోవాలని లేదు. తెలుగు డీటీపీ రంగంలో ఉన్నవారికి ఇది స్వానుభవం. యూనికోడ్ వాడుకలోకి రాకముందు, చాలాచోట్ల ఆ తర్వాత కూడా, పత్రికలూ పుస్తకాలూ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తయారయ్యాయి. అను లిపిలో టైపు చేసిన పాఠం లోపల తెలుగు అక్షరాలుగా ఉండదు. ఫాంటులోని గుర్తుల సంఖ్యలుగా ఉంటుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షను 7, అది 2001 నాటిది. ఇలాంటి ఫైళ్లను దాచేవారు ఫాంట్లను, పేజీల్లో అమర్చిన బొమ్మలను, వీలైతే ప్రోగ్రామును కూడా పక్కనే దాచాలి. పీడీఎఫ్ ఒకటి తీసి, పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చి ఇంకో ప్రతి పెట్టాలి. ఒక రచయిత జీవితకాలపు రచనలు డిస్కులో ఉండి కూడా చదవలేని స్థితికి రావడం తెలుగుకు మామూలు నష్టం కాదు.

ఇంటి నుంచే లెక్కలు రాసేవారికి ఇంకో చిక్కు ఉంది. టాలీ పాత వెర్షన్లు లెక్కలను డాక్యుమెంట్స్‌లో పెట్టకుండా తమ ప్రోగ్రాము ఫోల్డరులోనే దాచేవి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ మాత్రమే కాపీ చేసే బ్యాకప్‌లో అవి చేరవు. ఔట్‌లుక్ ఉత్తరాల పెట్టె, బ్రౌజర్ బుక్‌మార్కులు, పాస్‌వర్డులు కూడా ఎక్కడో లోపల ఉంటాయి. తమ పనికి వాడే ప్రతి ప్రోగ్రామూ సమాచారాన్ని ఎక్కడ దాస్తుందో ఒక్కసారి వెతికి రాసుకుంటే సగం గండం గట్టెక్కినట్టే.

రాన్సమ్‌వేర్ తర్వాత రిస్టోర్‌కు వరుస ముఖ్యం. ముందు ఇంటర్నెట్ తీసేయాలి, డిస్కును చెరిపి విండోస్‌ను కొత్తగా ఎక్కించాలి, మళ్లీ ఇంటర్నెట్ కలిపి అప్‌డేట్లు పూర్తి చేయాలి, ఆ తర్వాతే బ్యాకప్ డిస్కును తగిలించాలి. శుభ్రం కాని కంప్యూటర్‌కు ఉన్న ఒక్క బ్యాకప్‌నూ తగిలిస్తే అదీ పోతుంది. కొన్ని పాత రాన్సమ్‌వేర్లకు విరుగుడు తాళాలను, యూరోపోల్, డచ్ పోలీసులు, మరికొన్ని సంస్థలు కలిసి 2016లో ప్రారంభించిన నో మోర్ రాన్సమ్ వెబ్‌సైట్ ఉచితంగా ఇస్తుంది. డబ్బు కట్టే ముందు అక్కడ వెతకడం అవసరం. మన దేశంలో సైబర్ నేరాలపై ఫిర్యాదుకు 1930 నంబరు ఉంది.

అల్మరాలో ఏళ్ల తరబడి ఉంచే నకలుకు ఎస్‌ఎస్‌డీ కంటే మామూలు హార్డ్ డిస్కే నయం. కరెంటు తగలకుండా ఉండిపోయిన ఎస్‌ఎస్‌డీలో, పెన్‌డ్రైవ్‌లో నిలిచిన విద్యుదావేశం క్రమంగా తగ్గుతుంది. హార్డ్ డిస్కునైనా ఆరు నెలలకోసారి తిప్పి చూడాలి, ఐదారేళ్లకోసారి కొత్తదానిలోకి మార్చాలి.

ఇంట్లో ఇంకెవరికి తెలుసు?

తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలను రాగి రేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక అరలో భద్రపరిచారు. లోహం చెడలేదు, చోటు సురక్షితమైనది. అయినా అవి అక్కడున్నాయన్న సంగతి మరుగున పడి, 20వ శతాబ్దంలో గానీ లోకానికి అందలేదు.

మన ఇళ్లలోని నకళ్లకూ ఇదే ప్రమాదం ఉంది. చాలా కుటుంబాల్లో బ్యాకప్ గురించి తెలిసింది ఒక్కరికే. డిస్కు ఏ సొరుగులో ఉంది, దాని పాస్‌వర్డు ఏమిటి, ఫొటోలు ఏ ఖాతాలో ఉన్నాయి అన్నది ఆ ఒక్కరి తలలోనే ఉంటుంది. వారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు బీమా కాగితం కావాల్సి రావచ్చు. వారు లేని రోజున పిల్లలకు వారి ఫొటోలు కావాల్సి రావచ్చు. రెండేళ్లు వాడకుండా వదిలేసిన వ్యక్తిగత ఖాతాలను తొలగించే నిబంధనను గూగుల్ 2023 డిసెంబరు నుంచి అమల్లో పెట్టింది. ఖాతా ఇన్ని నెలలు నిశ్శబ్దంగా ఉంటే ఎవరికి కబురు చేయాలో, ఏం అప్పగించాలో ముందే చెప్పి పెట్టే ఏర్పాటు గూగుల్‌లో ఉంది. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ పేరుతో అలాంటిదే ఉంది. డిజిలాకర్‌లో ఉన్న ధ్రువపత్రాలకూ ఫోన్ నంబరు, పిన్ కావాలి.

కాబట్టి బ్యాకప్ డిస్కు ఎక్కడుందో, రెండో డిస్కు ఎవరింట్లో ఉందో, రికవరీ కీ, ముఖ్యమైన పాస్‌వర్డులు ఏమిటో ఒక కాగితం మీద చేత్తో రాసి, ఇంటి దస్తావేజులున్న కవరులో పెట్టండి. ఆ కాగితం చూసి, మీ సాయం లేకుండా, ఒక ఫొటోను డిస్కులోంచి తీసి చూపించమని ఇంట్లో మరొకరిని ఈ ఆదివారమే అడగండి.